బావ వంతు

మొన్న పావగడలో షేర్ ఆటో ఎక్కాను. ఎదురు సీట్లో ఇద్దరు కుర్రాళ్లు. సోలార్ పార్కులో కొత్తగా చేరిన ఇంజనీర్లని మెడలో వేలాడే కార్డులు చెబుతున్నాయి. ఊరు దాటగానే ఒకడు ఫోన్ తీసి రెండోవాడికి ఏదో కొత్త ఆట వీడియో చూపించాడు. జపాన్ వాళ్ల రోల్ ప్లేయింగ్ ఆట. బారెడు కత్తి పట్టుకున్న కుర్రాడు, వాడి వెనక నలుగురు స్నేహితులు, ఎదురుగా కొండంత భూతం.

"ఈసారి టర్న్ బేస్డ్ పీకేసినారంట. మొత్తం యాక్షనే," అన్నాడు మొదటివాడు.

"బతికించినారు. మనం ఒక దెబ్బ కొట్టి, వాడు కొట్టేదాకా బొమ్మల మాదిరి నిలబడుకోని... ఎవరాడతారు మచ్చా ఆ ముసలోళ్ల ఆట?"

నా నాలుక మీదికి జవాబు వచ్చేసింది. అది నాది కాదు, మా బావది. "మీకు తొందర తెలుసు గానీ యుద్ధం తెలీదప్పా" అనేవాడు ఆయన. బావ పోయి ఏడాది దాటింది. నేను రోడ్డు పక్క తంగేడు పొదల వైపు చూస్తూ కూర్చున్నాను. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఈ మధ్య దాన్ని నలుగురి ముందు బయటికి తీయడం నాకు ఇష్టం ఉండడం లేదు. దాని సంగతికి తర్వాత వస్తాను.

బావంటే మా అక్క మొగుడు. వాళ్లది పార్కు పక్కనే ఉన్న రాయచెర్లు. పెళ్లికి ముందు బెంగళూరులో ఫోన్లు బాగుచేసే అంగడిలో పనిచేశాడు. ఎవరో రిపేరుకిచ్చి మళ్లీ తీసుకుపోని ఆటల మిషనొకటి, చేతిలో పట్టుకుని ఆడేది, అంగడాయన బావకు ఇచ్చేశాడు. తండ్రికి ఒళ్లు బాగాలేక బావ ఊరికి వచ్చేసినప్పుడు ఆ మిషనూ వెంట వచ్చింది. వేరుశనగ వేసే పొలం తర్వాత సోలార్ పలకల కిందికి పోయింది. ఇక బావకు కాలక్షేపం కాసిని గొర్రెలు, ఆ మిషను.

నేను మంగళవాడ నుంచి పార్కుకు వచ్చిపోతూ టెక్నీషియన్ పని చేస్తాను. మధ్యాహ్నం అన్నం అక్క ఇంట్లోనే. ఆ అన్నానికి ముందూ వెనకా నాకూ బావకూ జరిగేది మామూలు కొట్లాట కాదు. పక్కింటివాళ్లు పొలం తగాదా అనుకున్న రోజులున్నాయి. మేము పోట్లాడుకున్నది మాత్రం, ఆటలో రాక్షసుణ్ణి ఎట్లా కొట్టాలి అన్నదాని మీద.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. పాత జపాన్ ఆటల్లో యుద్ధం వంతులవారీగా జరుగుతుంది. నీ వంతు వచ్చినప్పుడు ఒక పట్టీ కనబడుతుంది: కొట్టు, కాచుకో, మందు వెయ్యి. నువ్వు ఎంచుకునేదాకా లోకమంతా ఆగి ఉంటుంది. కొత్త ఆటల్లో ఆ ఆగడం లేదు. పరిగెత్తాలి, దూకాలి, వేలు ఒక్క క్షణం ఆలస్యమైతే చచ్చావన్నమాటే. నేను కొత్త ఆటల వైపు, బావ పాత ఆటల వైపు.

"నిజమైన కొట్లాటలో ఎవడన్నా నీ వంతు వచ్చేదాకా ఆగుతాడా బావా?" అనేవాణ్ణి.

"ఆగడు. అందుకే కదప్పా నిజం కొట్లాటల్లో మనం ఓడిపోయేది."

"అది ఆట ఎట్లవుతాది? లెక్కల పరీక్ష మాదిరి ఉంటాది."

"నీ ఆటలో నువ్వు గెలిచినావో నీ వేళ్లు గెలిచినాయో చెప్పు చూద్దాం. దీంట్లో తల గెలుస్తాది. రవ్వంత ఆలోచన చేసుకోనిస్తాడు ఎదుటోడు. ఎంత మర్యాద!"

"రాక్షసునికి మర్యాద ఏంది బావా?"

"ఉండల్లప్పా. ఈ కాలంలో వానికొక్కనికే ఉండాది."

ఆయన ఊతపదం "నా వంతు రానీ." షేర్ ఆటోలో అందరూ ఎక్కినాక ఎక్కేవాడు. పెళ్లిళ్లలో మొదటి బంతికి లేవమంటే లేచేవాడు కాదు, నా వంతు రానీ అనేవాడు. గొర్రెలు దాటుతుంటే వెనక బైకువాడు హారను మోగించినా అదే మాట. బైకు నాదైనా అంతే.

ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పేవాడు కాదు. ఎద్దులబండిని మలిపినట్టు ఒళ్లంతా తిప్పి చూసేవాడు. కొత్తవాళ్లు పొగరనుకునేవారు. మిషను పట్టుకుంటే మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చునేవాడు. ప్రతి యుద్ధానికీ ముందు పిడికిళ్లు మూసి తెరిచి, మూసి తెరిచి, అప్పుడు మిషను తీసుకునేవాడు. నేను నవ్వేవాణ్ణి. మల్లయోధుడు గోదాలోకి దిగుతున్నాడని అక్కను పిలిచి చూపించేవాణ్ణి. అక్క నవ్వేది కాదు.

ఎందుకు నవ్వలేదో నాకూ తెలుసు. మా తాలూకాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. బళ్లో పాఠంలో చదువుకుని, ఇంటికి వచ్చి అవే నీళ్లు తాగి పెరిగినవాళ్లం. మా పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. బయటి ఊళ్లలో నోరు మూసుకుని నవ్వడం మాకు అలవాటు. పళ్లతో పోతే అదృష్టమే. కొందరికి ఎముకల్లోకి దిగుతుంది. బావ నాయనకు దిగింది. నడుము వంగి వంగి చివరికి ఆయన తన పాదాలు తప్ప ఏమీ చూడలేకపోయాడు. ఇంటికి ఎవరొచ్చారో కాళ్లను బట్టి గుర్తుపట్టేవాడు. నేను గడప దాటితే, "మంగళవాడ కాళ్లు వచ్చినాయి, అన్నం పెట్టమ్మా," అనేవాడు.

ఆయన పోయిన రోజు మోకాళ్లు చాపుదామని పెద్దవాళ్లు ఎంత చూసినా కుదరలేదు. వేన్నీళ్లు పోశారు, పిసికారు, లాభం లేకపోయింది. పక్కకు తిప్పి, కడుపులో బిడ్డ మాదిరి ముడుచుకున్నవాణ్ణి అట్లాగే పాడె మీద పెట్టారు. పైన కప్పిన గుడ్డ మోకాళ్ల దగ్గర లేచి నిలబడింది. నేనూ ఒక భుజం పట్టాను. దారి పొడుగునా ఆ గుడ్డ వైపు చూడకూడదని ముందున్నవాడి వీపు చూస్తూ నడిచాను.

స్నానాలు చేసి వస్తుంటే బావ నా పక్కకు వచ్చాడు. "నన్ను మాత్రం సక్కగా పండబెట్టల్లప్పా," అన్నాడు. "ఆకాశం చూసేమాదిరి పండబెట్టల్ల. అంతకు మించి నాకేం వద్దు." నేను సరేనన్నాను.

ఆ రోజు నుంచి ఆయనను భయం పట్టుకుంది. మిషను ఆయనకు ఆట ఒక్కటే కాదు, పొద్దున్నే వేళ్లు ఎట్లా ఉన్నాయో చూసుకునే అద్దం కూడా. బొటనవేలు మీట మీద సరిగ్గా పడితే ఆ పూట హుషారుగా ఉండేవాడు, గొర్రెలను పేర్లు పెట్టి పిలిచేవాడు. పడకపోతే మాట్లాడేవాడు కాదు. యాక్షన్ ఆటలను ఆయన ఎందుకంత తిట్టేవాడో చాలాకాలం నాకు అర్థం కాలేదు. వాటిలో వేలు ఆలస్యమైతే ఆ సంగతి వెంటనే బయటపడిపోతుంది.

భయానికి మందు కూడా ఆయనే కనిపెట్టుకున్నాడు. తాగే నీళ్లు కాగబెట్టేవాడు. మామూలుగా కాగబెట్టడం కాదు. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద తపేలా పెట్టి, జాలికంపలు తోసి, నీళ్లు సగం అయ్యేదాకా, కషాయం కాచినట్టు కాచేవాడు. చల్లార్చి, గుడ్డతో వడగట్టి, తాను తాగి అక్కకూ తాగించేవాడు. ఊళ్లో ఫిల్టర్ నీళ్ల మిషను ఉంది. నెలలో సగం రోజులు చెడిపోయి ఉంటుంది. బాగున్నప్పుడు అక్క ఒక క్యాను తెచ్చి ఉంచేది గానీ, అది చుట్టాలకు. నాలాగా బయటినుంచి వచ్చినవాళ్లకు గ్లాసు కడిగి ఆ నీళ్లిచ్చేవాళ్లు. ఇంటివాళ్లకు కాగిన బోరు నీళ్లే. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. మా ఇంట్లోనూ ఇదే.

"ఫిల్టర్ నీళ్లే తాగొచ్చు కదా బావా?"

"ఆ మిషన్‌ను నమ్మేదెట్లప్పా? లోపల ఏం చేస్తాండాదో కనపడదు. మంట అయితే కంటికి కనపడ్తాది."

ఆటల్లో కథ గురించి కూడా మాకు పడేది కాదు. కథంటే మనుషులు మాట్లాడుకునే చోట ఉంటుందని, మధ్యలో యుద్ధాలు టోల్‌గేట్ల లాంటివని నా వాదన. ఇంగ్లీషు మాటలు నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. చప్పగా ఉన్నచోట రెండు డైలాగులు చేర్చేవాణ్ణి. "అంత లేదప్పా ఆడ, నువ్వు కలిపినావు," అని బావ వెంటనే పట్టేసేవాడు. ఆయన దృష్టిలో మాటలన్నీ పైపైనే, అసలు కథ నడిచేది యుద్ధంలో.

ఒక ఆటలో ఒక శాపం ఉండేది. అది తగిలిన మనిషికి మందు వేస్తే ప్రాణం పెరగడానికి బదులు తగ్గుతుంది. అది మోసమని నేను మిషను పక్కన పడేశాను. బావ మాత్రం ఆ శాపాన్ని రోజుల తరబడి మెచ్చుకున్నాడు. "మనోడు బతకల్లని మందు వేస్తాండావు. ఆ మందే వాన్ని తింటాండాది. ఎవురూ ఒగ మాట చెప్పరు. ఇంతకన్నా కథ ఏం కావల్లప్పా?"

ఇంకొక ఆటలో ఒక ముసలి కత్తివీరుడు ఉండేవాడు. మాటల్లో ఎప్పుడూ జోకులే, జబ్బు ప్రస్తావన ఎక్కడా లేదు. యుద్ధమప్పుడు తెర పక్కన, ఎవరి తర్వాత ఎవరి వంతో చూపించే బొమ్మల వరుస ఉంటుంది. మొదట్లో ముసలాయన బొమ్మ అందరికంటే పైన. ఆట సాగేకొద్దీ ఒక్కొక్క మెట్టే కిందికి దిగింది. నేను గమనించనే లేదు. బావ గమనించాడు.

"చూడు, మళ్ల కిందికి పోయినాడు. ఎవురికీ చెప్పకుండా మోస్తాండాడు."

"ఏం మోస్తాండాడు బావా? మిగిలినోళ్ల వేగం పెరిగింది, అంతే. ఆట చేసినోళ్ల లెక్క అది."

"నువ్వు లెక్క చూస్తాండావు. నేను మనిషిని చూస్తాండా."

అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. అక్క గరిటె పట్టుకుని వచ్చి ఇద్దరినీ తిట్టింది. బావ నవ్వుతూ మీట నొక్కాడు. నొక్కింది బొటనవేలి కొసతో కాదు, వేలి పక్కతో. కొస వంగడం లేదు. నేను చూశానని ఆయన చూశాడు. ఇంకేమీ వాదించకుండా చెయ్యి కడుక్కుని పనికి పోయాను.

కొన్నాళ్లకు మా మంగళవాడ బళ్లో, ఫ్లోరైడ్ ఎవరి ఎముకల్లోకి దిగిందో చూడడానికి ఆరోగ్య క్యాంపు పెట్టారు. నర్సమ్మ ఒకావిడ అందరినీ వరుసలో నిలబెట్టి, గడ్డం రొమ్ముకు ఆనించమంది, చేతులు తల వెనక్కి పెట్టమంది, వంగి కాలి వేళ్లు ముట్టుకోమంది. నా వంతు వచ్చింది. అన్నీ చేశాను. పక్కకు వచ్చి గోడకానుకున్నాను. చివర్లో ఆవిడ అందరికీ కలిపి చెప్పింది. "కొందరు నీళ్లు కాగబెట్టి తాగుతున్నారంట. దాంతో పురుగులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైపోతాయి, అది కిందనే ఉంటుంది. ఎంత ఎక్కువ కాగబెడితే అంత చిక్కబడుతుంది."

చుట్టూ జనం ఏదో మాట్లాడుకుంటున్నారు. నాకు బావ తపేలా తప్ప ఇంకేమీ కనబడలేదు.

చెప్పకుండా ఉందామా అని కూడా అనుకున్నాను. కానీ ఆ నీళ్లు అక్క కూడా తాగుతోంది. మరుసటి రోజు అన్నం వేళకు ముందే పోయాను. బావ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. నా చెప్పుల చప్పుడు విని ఒళ్లంతా తిప్పి చూశాడు.

"ఏమప్పా, ఈ పొద్దు బిన్నా వచ్చినావు?"

నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఆయన అడ్డు రాలేదు. తపేలాలో నీళ్లు అప్పటికే సగానికి దగ్గరపడ్డాయి, అంచుల్లో తెల్లటి చార కట్టి ఉంది. ఆ చారను చూస్తూ అడిగాడు.

"సగం చేస్తే... మిగిలినదాంట్లో రెండింతలయితాది. అంతేనా?"

"అట్లనే చెప్పింది."

బావ పొయ్యిలోంచి ఒక కంప తీశాడు, మళ్లీ లోపలికి తోశాడు, మళ్లీ తీశాడు.

"ఆ శాపం గుర్తుండాదా నీకు? మందు వేస్తే తినే శాపం."

నేను తలూపాను.

"బాగా కట్టినాడప్పా ఆ ఆట," అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "భయమేస్తాందప్పా," అన్నాడు. అంత పెద్దమనిషి, నాకు ఈత నేర్పినవాడు, ఆ మాట అంటుంటే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత గుడ్డతో తపేలా దించి, పట్టుకుని నిలబడ్డాడు. ఆ నీళ్లు ఎక్కడ పోయాలో ఆయనకు తోచలేదు. మా సీమలో నీళ్లు పారబోసే అలవాటు ఎవరికీ లేదు. గొర్రెల తొట్టి వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. తులసి మొక్క దగ్గరికి పోయి వెనక్కి వచ్చాడు. చేతులు కాలుతున్నాయి, అయినా దింపలేదు. చివరికి వాకిలి దాటి రోడ్డు మీద ఒక బండకు పోశాడు. ఎండకు ఆ తడి మా కళ్ల ముందే ఆరిపోయింది.

అక్క తలుపు దగ్గర నిలబడి అంతా వింది. లోపలికి పోయి, నాకోసం ఉంచిన ఫిల్టర్ నీళ్లు చుట్టాల గ్లాసులో పోసుకొచ్చి బావకు ఇచ్చింది.

"నేనేం చుట్టాన్నా?" అన్నాడు బావ.

"తాగు," అంది అక్క. కొంగు నోట్లో కుక్కుకుని మళ్లీ లోపలికి పోయింది.

ఫిల్టర్ మిషను చెడినప్పుడల్లా ఆ తర్వాత నేనే పావగడ నుంచి బైకు మీద క్యాన్లు తెచ్చాను. దానితో కొత్తగా ఒంట్లోకి దిగడం ఆగి ఉండొచ్చు. దిగింది మాత్రం దిగినట్టే ఉంది. వేళ్లు మిషను పట్టుకున్న వంపులోనే బిగుసుకుంటూ వచ్చాయి. పట్టుకోగలడు, మీటలు నొక్కలేడు. ఒకరోజు మిషను నా చేతికి ఇచ్చాడు.

"నేను చెప్తా, నువ్వు నొక్కు."

అట్లా మొదలైంది. ఆయన గోడకానుకుని కళ్లు మూసుకుని, "కొట్టు," "ఆ పిల్లకు మందు వెయ్యి," "ముసలోన్ని కాచుకోమను," అని చెప్పేవాడు, నేను నొక్కేవాణ్ణి. ఆయనకు చెప్పడానికి ఎంతసేపైనా పట్టనీ, ఎదుటి రాక్షసుడు అట్లాగే నిలబడి ఉండేవాడు.

"నీ యాక్షన్ ఆటలో ఇట్ల కుదుర్తాదా?" అన్నాడు ఒకరోజు, ఒళ్లంతా నా వైపు తిప్పి. "నేను చెప్పేలోపల అందరూ చస్తారు. ఇంగ ఒప్పుకో."

ఒప్పుకున్నాను. ఆ వాదనలో ఆయనే గెలిచాడు.

ఆఖరి యుద్ధానికి చేరినప్పుడు ముసలి కత్తివీరుడి బొమ్మ వరుసలో అట్టడుగున ఉంది. వాణ్ణి తీసేసి కుర్రవాణ్ణి పెడదామన్నాను. బావ ఒప్పుకోలేదు. "ఉండనీ. వాని వంతూ వస్తాది." అందరూ పడిపోయాక నిజంగానే వచ్చింది. ఏం చెయ్యాలో చెప్పమని బావ వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడేమోనని పిలిచాను.

"అరవాకు. వాడు ఆగుతాడప్పా. నన్ను ఆలోచన చేసుకోనీ," అన్నాడు.

ఆ పూట ఓడిపోయాం. మళ్లీ ఆడదామన్నాడు. ఆ తర్వాత చలి ముదిరింది, ఆయనకు దగ్గు పట్టుకుంది, జ్వరం వచ్చింది. ఎముకలు బిగిసిన రొమ్ము ఊపిరికి సరిగ్గా లేవలేదు. ఆస్పత్రిలో చేర్చాం. ప్రాణంతో తిరిగి రాలేదు.

ఇంటి ముందు దించినప్పుడు నాకు ఏడుపు రాలేదు. భయమే ఉంది. ఆయన మోకాళ్ల దగ్గరే నిలబడ్డాను. పెద్దవాళ్లు రెండు కాళ్లూ పట్టుకుని మెల్లగా లాగారు. చాపుకున్నాయి. పూర్తిగా కాదు గానీ చాపుకున్నాయి, బావ ఆకాశం చూస్తూ పడుకున్నాడు. అప్పుడు ఏడ్చాను. చేతులు మాత్రం రాలేదు. ఏదో పట్టుకున్నట్టు, వేళ్లు వంగి, రొమ్ము మీద అట్లాగే ఉండిపోయాయి. చూడవచ్చినవాళ్లు దండం పెట్టుకుంటున్నాడని అనుకున్నారు. నేనూ అక్కా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆటోలో కుర్రాళ్ల వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నేను వాళ్ల ఫోన్ వైపు చూస్తున్నానని గమనించి, "అన్నా, మీరూ ఆడతారా?" అని అడిగాడు మొదటివాడు.

"ఆడతా."

"ఏది? యాక్షనేనా?"

"టర్న్ బేస్డ్," అన్నాను. ఎందుకని అడిగారు. తల గెలుస్తుందని, ఎదుటివాడి మర్యాద అని, కథ యుద్ధంలోనే ఉంటుందని బావ మాటలన్నీ వరుసగా అప్పజెప్పాను. వాళ్లు మర్యాదకు తలూపి పార్కు గేటు దగ్గర దూకి దిగిపోయారు. నేను ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని మెల్లగా దిగాను.

నాలుగైదు నెలల కిందట, కేబుల్ దగ్గర స్క్రూ బిగిస్తుంటే నా కుడి బొటనవేలు సగంలో ఆగిపోయింది. బరువు పని చేసినందుకని సరిపెట్టుకున్నాను. ఆ సాయంత్రం ఇంట్లో యాక్షన్ ఆట పెట్టి చూసుకున్నాను. దూకాల్సిన చోట దూకలేకపోయాను. మళ్లీ ఆడాను, మళ్లీ అంతే. ఆ ఆట ఫోన్లోంచి తీసేశాను, బైకు తీయడం కూడా మానేశాను. డాక్టరుకు చూపించుకోలేదు. ఆయన పేరు పెట్టి చెప్పేదాకా అది బరువు పనేనని అనుకోవచ్చు కదా. నా పని మొత్తం ఈ వేళ్లతోనే. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆటో దిగిన రోజు మధ్యాహ్నం అక్క ఇంటికి పోయాను. అక్క కంచం పెట్టి, పక్కన ఫిల్టర్ నీళ్ల గ్లాసు పెట్టింది. కుడిచెయ్యి జేబులోనే ఉంచి ఎడమచేత్తో అందుకున్నాను. అక్క వడ్డించడం ఆపి చూసింది. మామ చేతులు ముడుచుకుపోవడం చూసిన మనిషి, మొగుడివీ చూసిన మనిషి. నా ఎదురుగా కింద కూర్చుంది.

"జేబులోంచి చెయ్యి తియ్యప్పా," అంది.

తీశాను. ఆమె దాన్ని ఒళ్లోకి తీసుకుని, చిటికెన వేలి నుంచి ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. బొటనవేలి దగ్గరికి ఇంకా రాలేదు.

"భయమేస్తాందక్కా," అన్నాను.